పరిమిత వనరులతో ఆంగ్ల బోధన: ఆరాంఘర్ తరగతి గది ఒక ఉదాహరణ

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ద్వితీయ భాషకు, విదేశీ భాషకు ఉన్న భేదాన్ని వివరించగలుగుతారు.
• ఆంగ్ల తరగతిలో నిజంగా కొరతగా ఉండే వనరు ఏదో గుర్తించగలుగుతారు.
• మైకేల్ వెస్ట్, ఎన్.ఎస్. ప్రభు ప్రతిపాదించిన భావనలను మీ ప్రాంతపు పాఠశాలకు అన్వయించగలుగుతారు.
• తెలుగు, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషులో చేసే కొన్ని తప్పులకు కారణాలు చెప్పగలుగుతారు.
• నల్లబల్ల, సుద్దముక్క, చుట్టూ కనిపించే అచ్చు అక్షరాలతో 40 నిమిషాల పాఠాన్ని రూపొందించగలుగుతారు.

1.1 పరిచయం

హైదరాబాదు నుంచి బెంగళూరు వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆరాంఘర్ చౌరస్తా ఉంది. మెహిదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్ల పొడవున వచ్చే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఇక్కడే నేలకు దిగుతుంది. జూ పార్కు వైపు కట్టిన ఫ్లైఓవర్ 2025 జనవరిలో ప్రారంభమైంది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఈ చౌరస్తా నగరానికి దక్షిణపు వాకిలిగా మారింది. ఒక పక్క కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతం, మరో పక్క రాజేంద్రనగర్ ఉన్నాయి.

ఇటువంటి చోట ఉండే ఒక ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలను ఊహించుకోండి. ఆరో తరగతిలో 40 మంది పిల్లలు ఉన్నారు. సగం మంది ఇళ్లలో తెలుగు, మిగిలిన వారిలో ఎక్కువ మంది ఇళ్లలో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. ఫ్యాక్టరీల్లో పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కొందరు హిందీ మాట్లాడతారు. గదిలో ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్కల డబ్బా, పిల్లల చేతుల్లో పాఠ్యపుస్తకాలు తప్ప మరేమీ లేవు. ఈ తరగతినే ఈ పాఠం అంతటా ఉదాహరణగా తీసుకొందాం.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. పాఠ్యపుస్తకాలను ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉండేటట్లు ముద్రించారు. దీనివల్ల పరిస్థితిలో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. ఇంతకు ముందు ఇంగ్లీషు రాని పిల్లవాడు ఒక సబ్జెక్టులో మాత్రమే వెనుకబడేవాడు. ఇప్పుడు లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రం అన్నింటికీ ఇంగ్లీషే వాకిలి. ఆ వాకిలి తెరుచుకోకపోతే తెలివైన పిల్లవాడు కూడా అన్నింటిలో వెనుకబడిన వాడిగా కనిపిస్తాడు. అందుకే తక్కువ వనరులతో ఇంగ్లీషు ఎలా నేర్పాలి అనే ప్రశ్న ఒక్క ఇంగ్లీషు ఉపాధ్యాయుడికే పరిమితమైనది కాదు.

1.2 ద్వితీయ భాష, విదేశీ భాష

నేర్చుకొనే వ్యక్తికి తరగతి బయట కూడా వినిపించే, వాడుకలో ఉండే భాషను ద్వితీయ భాష అంటారు. తరగతిలో తప్ప మరెక్కడా వినే, మాట్లాడే అవకాశం లేని భాషను విదేశీ భాష అంటారు. శ్రీనగర్‌లో పుట్టిన భాషా శాస్త్రవేత్త బ్రజ్ కచ్రూ 1985లో ప్రపంచ దేశాలను ఇంగ్లీషు వాడకాన్ని బట్టి మూడు వలయాలుగా విభజించాడు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాలు లోపలి వలయం. పాలన, న్యాయం, విద్య వంటి రంగాల్లో ఇంగ్లీషు స్థిరపడిన దేశాలు బయటి వలయం. కేవలం విదేశీ భాషగా నేర్చుకొనే దేశాలు విస్తరిస్తున్న వలయం. భారతదేశాన్ని ఆయన బయటి వలయంలో చేర్చాడు. అంటే దేశం మొత్తంగా చూస్తే ఇంగ్లీషు మనకు ద్వితీయ భాష.

అయితే దేశానికి వర్తించేది ప్రతి ఇంటికీ వర్తించదు. ఆరాంఘర్ పిల్లవాడికి ఇంగ్లీషు కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపించదు. దారి చూపే బోర్డుల మీద, బస్సుల మీద, బిస్కెట్ పొట్లాల మీద ఇంగ్లీషు ఉంటుంది. ఇంట్లో, వీధిలో, ఆటస్థలంలో దాన్ని మాట్లాడే వారు ఉండరు. అంతర్జాతీయ విమానాశ్రయానికి వెళ్లే దారిలోనే ఉన్నా, మొదటి తరం విద్యార్థికి ఇంగ్లీషు విదేశీ భాషతో సమానమే. ఈ భేదాన్ని గుర్తించకుండా, "వినగా వినగా అదే వస్తుంది" అనుకొని పాఠం చెబితే పిల్లలు పదాలను బట్టీ పడతారు తప్ప వాడలేరు.

1.3 కొరత దేనికి?

వనరుల కొరత అనగానే ప్రొజెక్టర్, భాషా ప్రయోగశాల, కథల పుస్తకాలు గుర్తుకు వస్తాయి. ఢాకాలో చాలాకాలం ఇంగ్లీషు బోధించిన మైకేల్ వెస్ట్ 1960లో కష్ట పరిస్థితుల్లో ఇంగ్లీషు బోధన గురించి ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన కష్ట పరిస్థితులు ఇవి: 30 మందికి మించిన తరగతి, బెంచీల మీద ఇరుకుగా కూర్చున్న పిల్లలు, వేర్వేరు స్థాయిల వారు ఒకేచోట ఉండటం, తనకే ఇంగ్లీషు ధారాళంగా రాని ఉపాధ్యాయుడు, వేడి వాతావరణం. ఈ జాబితాలో పరికరాల కంటే పిల్లల సంఖ్య, స్థలం, స్థాయి, ఉపాధ్యాయుడి భాష ముందుకు వచ్చాయని గమనించండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. మన తరగతిలో 40 మంది ఉన్నారు, పీరియడు 40 నిమిషాలు. ఉపాధ్యాయుడు ఒక్కొక్కరినీ లేపి ప్రశ్న అడిగితే ఒక్కొక్కరికి ఒక నిమిషం వస్తుంది. అందులో సగం ప్రశ్నకే పోతుంది. పిల్లవాడు మాట్లాడేది 30 సెకన్లు. వారానికి ఆరు పీరియడ్లు అనుకొంటే మూడు నిమిషాలు. అదే రోజుకు పది నిమిషాలు జంటలుగా మాట్లాడిస్తే 20 జంటలూ ఒకేసారి మాట్లాడతాయి. ఒక్కొక్కరికి రోజుకు ఐదు నిమిషాలు, వారానికి 30 నిమిషాలు దొరుకుతాయి. ఖర్చు పైసా లేకుండా మాట్లాడే కాలం పది రెట్లు పెరిగింది.

దీన్ని బట్టి, పిల్లవాడు అర్థవంతంగా భాషను వాడే సమయమే తరగతిలో అన్నింటికంటే అరుదైన వనరు అని చెప్పవచ్చు. ప్రొజెక్టర్ ఉన్నా ఈ సమయం పెరగకపోవచ్చు. సుద్దముక్క ఒక్కటే ఉన్నా దీన్ని పెంచవచ్చు.

1.4 సరెండర్ విలువ

జీవిత బీమా పాలసీని గడువుకు ముందే వదులుకుంటే చేతికి వచ్చే మొత్తాన్ని సరెండర్ విలువ అంటారు. మైకేల్ వెస్ట్ ఈ మాటను భాషా బోధనకు వాడాడు. బెంగాల్‌లో చాలామంది పిల్లలు చదువు మధ్యలోనే మానేయడం ఆయన చూశాడు. పదేళ్లు పూర్తిగా చదివితేనే ఫలితం ఇచ్చే పాఠ్యక్రమం మూడేళ్లకే మానేసిన వారికి ఏమిస్తుంది అని ఆయన ప్రశ్న. చదవడం నేర్పితే మధ్యలో ఆపినా కొంత మిగులుతుందని భావించి, ఆయన పఠనానికి ప్రాధాన్యం ఇచ్చాడు.

ఆరాంఘర్, కాటేదాన్ వంటి చోట్ల ఈ భావన నేటికీ పనికివస్తుంది. తండ్రి పని మారితే కుటుంబం మారుతుంది. పిల్లవాడు ఏడాది మధ్యలో బడి విడిచి వెళతాడు. కాబట్టి ప్రతి నెలా చివర ఉపాధ్యాయుడు తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇది: "ఈ పిల్లవాడు రేపు బడి మారితే, ఈ నెలలో నేర్చుకున్నది అతనికి ఏ పనికి వస్తుంది?" తన పేరు, ఊరు, తరగతి చెప్పగలగడం, బోర్డు చదివి దారి తెలుసుకోవడం, మందు పొట్లం మీద తేదీ చదవడం, ఒక ఫారం నింపడం వంటివి సరెండర్ విలువ ఉన్న నైపుణ్యాలు. "ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్" నిర్వచనాన్ని అప్పజెప్పడానికి ఆ విలువ చాలా తక్కువ.

1.5 పిల్లల భాషలే మొదటి వనరు

1.5.1 అరువు పదాలు: బస్సు, టికెట్, స్టాపు, సిగ్నల్, ఫ్లైఓవర్, ఛార్జర్ వంటి వందలాది పదాలతో పిల్లలు బడికి వస్తారు. మొదటి వారంలో ఈ పదాలను వారి చేతనే చెప్పించి బల్ల మీద రాయవచ్చు. "మాకు ఇంగ్లీషు ఏమీ రాదు" అనే భయం అక్కడితో కొంత తగ్గుతుంది. అయితే అర్థం మారిన పదాలను వేరుగా చూపాలి. తెలుగులో "హోటల్" అంటే భోజనం చేసే చోటు. ఇంగ్లీషులో ముఖ్యంగా బస చేసే చోటు. మన "కరెంటు" విద్యుత్తు, మన "బోరు" గొట్టపు బావి.

1.5.2 ధ్వనులు: తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే తెలుగు పిల్లలు "బస్" అనడానికి "బస్సు" అని, "బుక్" అనడానికి "బుక్కు" అని అంటారు. ఉర్దూ మాట్లాడే వారిలో చాలామంది పదం మొదట వచ్చే సంయుక్తాక్షరానికి ముందు అచ్చు చేర్చి "ఇస్కూల్", "ఇస్టేషన్" అంటారు. ఇవి మొద్దుతనం వల్ల వచ్చే తప్పులు కావు, మాతృభాష అలవాట్లు. "జూ పార్కు" పేరులోని మొదటి ధ్వనిని తెలుగు పిల్లలు "జాతర"లోని "జ" లాగా పలుకుతారు. ఉర్దూలో "జిందగీ", "బాజార్" వంటి పదాల్లో ఆ ఇంగ్లీషు ధ్వని సహజంగానే ఉంది. కాబట్టి ఈ ధ్వని నేర్పడానికి ఆడియో సీడీ అవసరం లేదు. పక్క బెంచీలోని ఉర్దూ పిల్లవాడే నమూనా. పదాంతంలో హల్లు పలకడంలోనూ అతనే సాయపడగలడు. "స్కూల్" మొదటి ధ్వనిని తెలుగు పిల్లవాడు అతనికి నేర్పుతాడు.

1.5.3 వాక్య నిర్మాణం: "అతను టీచర్" అనే తెలుగు వాక్యంలో క్రియ లేదు. అందువల్ల తెలుగు పిల్లలు "హీ టీచర్" అంటారు. ఉర్దూలో "వో టీచర్ హై" అనే వాక్యంలో "హై" ఉంది కనుక "ఈజ్" ఎందుకో ఉర్దూ పిల్లలకు చెప్పడం తేలిక. ఇంగ్లీషులో క్రియ మధ్యలో వస్తుంది. తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ చివర వస్తుంది. "బల్ల మీద" అనేటప్పుడు మనకు "మీద" నామవాచకం తరువాత వస్తుంది. ఇంగ్లీషులో "ఆన్" ముందు వస్తుంది. మూడు భాషల వాక్యాలను ఒకదాని కింద ఒకటి రాసి చూపితే ఈ భేదం కంటికే తెలుస్తుంది.

1.5.4 సాండ్‌విచ్ పద్ధతి: ముందు ఇంగ్లీషులో, వెంటనే పిల్లల భాషలో, మళ్లీ ఇంగ్లీషులో చెప్పడం సాండ్‌విచ్ పద్ధతి. "ఓపెన్ యువర్ బుక్స్. పుస్తకాలు తెరవండి. ఓపెన్ యువర్ బుక్స్." కొన్ని రోజుల తరువాత మధ్య వాక్యాన్ని తీసివేయాలి. మొత్తం పాఠాన్ని తెలుగులోకి అనువదిస్తే పిల్లలు ఇంగ్లీషు వినడం మానేస్తారు. తెలుగును పూర్తిగా నిషేధిస్తే అర్థం కాక మౌనం వహిస్తారు. మాతృభాషలో మాట్లాడారని దండించే తరగతిలో పిల్లలు నేర్చుకొనేది మొదట భయమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. ఆరాంఘర్ పిల్లవాడికి ఇంగ్లీషు విదేశీ భాషతో సమానం అని ఎందుకు అన్నాం?
2. "హీ టీచర్" అనే తప్పుకు కారణం ఏమిటి?

1.6 చుట్టూ ఉన్న అచ్చు అక్షరాలు

పిల్లల పరిసరాల్లో సహజంగా కనిపించే అచ్చు అక్షరాలు ఉచితంగా దొరికే పఠన సామగ్రి. వీటిని ఇలా వాడవచ్చు.

బోర్డులు: "నో పార్కింగ్", "గో స్లో", "కీప్ లెఫ్ట్" అనేవి చిన్న వాక్యాలు. "నో పార్కింగ్" నుంచి పిల్లలు "నో రన్నింగ్", "నో షౌటింగ్" అని తమ తరగతి నియమాలను తామే తయారు చేసుకోగలరు. ఒక వ్యాకరణ నమూనా నేర్చుకోవడంతోపాటు దాన్ని నిజంగా వాడినట్లూ అవుతుంది.

పొట్లాలు: బిస్కెట్, సబ్బు, మందు పొట్లాల మీద బరువు, ధర, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి అనే సమాచారం ఉంటుంది. "ఈ బిస్కెట్లు జనవరిలో తయారయ్యాయి. ఆరు నెలల లోపు వాడాలి. ఆగస్టులో తినవచ్చా?" అని అడిగితే పిల్లలు ఇంగ్లీషు చదివి, లెక్క వేసి జవాబు చెబుతారు.

పాత కాగితాలు: శుభలేఖల వెనుక వైపు, క్యాలెండర్ కాగితాలు, మందుల అట్టపెట్టెలు పద పత్రాలుగా పనికివస్తాయి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. రద్దీగా ఉండే జాతీయ రహదారి మీదికి బోర్డులు రాసుకు రమ్మని పిల్లలను పంపకూడదు. తమ వీధిలో, ఇంట్లో, పెద్దవారి తోడుగా చూసినవే రాసుకు రమ్మనాలి.

1.7 కృత్యం ద్వారా భాష: ప్రభు ప్రయోగం

ఆరాంఘర్ మీదుగా పోయే రహదారే బెంగళూరు చేరుతుంది. ఆ నగరం పేరుతో ప్రసిద్ధమైన ఒక ప్రయోగం మనకు ముఖ్యం. మద్రాసులోని బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని పాఠశాలల్లో ఈ ప్రయోగం నిర్వహించాడు. దీన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. దాని వివరాలను 1987లో పుస్తకంగా ప్రచురించాడు. సాధారణ పాఠశాలల్లో ఉండే నల్లబల్ల, సుద్దముక్క, కాగితం, పెన్సిలు ఇందులో ప్రధాన సామగ్రి.

దృష్టి అర్థం మీద ఉన్నప్పుడే భాషా నిర్మాణం బాగా వంటబడుతుందని ప్రభు వాదం. అందుకే వ్యాకరణ అంశాల వరుసకు బదులు, ఆలోచించి పరిష్కరించవలసిన కృత్యాల వరుసను ఆయన పాఠ్యక్రమంగా తీసుకున్నాడు. కృత్యాలు మూడు రకాలు: ఒకరి దగ్గరి సమాచారం మరొకరికి చేరవేసేవి, ఇచ్చిన సమాచారం నుంచి తర్కంతో కొత్త విషయం రాబట్టేవి, సొంత అభిప్రాయం చెప్పేవి. వీటిలో రెండో రకానికి ఆయన ఎక్కువ విలువ ఇచ్చాడు.

మన తరగతికి తగిన ఒక ఉదాహరణ చూడండి. ఈ సమయాలు అభ్యాసం కోసం కల్పించినవి.

బస్సు 1: ఆరాంఘర్‌లో బయలుదేరేది 8.10, మెహిదీపట్నం చేరేది 8.45
బస్సు 2: ఆరాంఘర్‌లో బయలుదేరేది 8.30, మెహిదీపట్నం చేరేది 8.55

ఉపాధ్యాయుడు ఈ పట్టికను బల్ల మీద ఇంగ్లీషులో రాసి ఇంగ్లీషులోనే అడుగుతాడు: "విచ్ బస్ ఈజ్ ఫాస్టర్?" మొదటిది 35 నిమిషాలు, రెండోది 25 నిమిషాలు పడుతుంది కనుక జవాబు రెండో బస్సు. తరువాతి ప్రశ్న: "పరీక్ష 9 గంటలకు. స్టాపు నుంచి బడికి పది నిమిషాల నడక. రజియా ఏ బస్సు ఎక్కాలి?" రెండో బస్సు ఎక్కితే 9.05 అవుతుంది. కాబట్టి వేగంగా పోయే బస్సు కాదు, ముందు బయలుదేరే బస్సే ఎక్కాలి. పిల్లలు ఇక్కడ వాదించుకొంటారు. వాదించాలంటే "బిఫోర్", "ఆఫ్టర్", "లేట్", "ఫాస్టర్", "బికాజ్" అవసరమవుతాయి. అవసరంలో వినిపించిన పదం గుర్తుంటుంది.

ప్రభు పద్ధతిలో ముందుగా ఇటువంటి కృత్యాన్ని ఉపాధ్యాయుడు తరగతి మొత్తంతో కలిసి చేస్తాడు. తరువాత అదే తరహా మరో కృత్యాన్ని పిల్లలు ఎవరికి వారు చేస్తారు. తరగతిలో సుమారు సగం మంది, కృత్యంలో సుమారు సగం సరిగా చేయగలిగితే ఆ కృత్యం స్థాయి తగినదని ఆయన లెక్క.

1.8 జంట పని గురించి ఒక చర్చ

1.3లో జంట పనిని సమర్థించాం. కాని ప్రభు తన ప్రయోగంలో జంట, బృంద పనులకు ప్రాధాన్యం ఇవ్వలేదు. పిల్లలు తమలో తాము మాట్లాడుకొంటే ఒకరి తప్పులు మరొకరిలో బలపడతాయని, ఉపాధ్యాయుడి నుంచి వినే మెరుగైన భాష తగ్గుతుందని ఆయన అభిప్రాయం. ఈ అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. దీనికి ఆచరణలో ఒక మధ్యమార్గం ఉంది: కొత్త భాషను ఉపాధ్యాయుడి నుంచి తరగతి మొత్తంగా విననివ్వాలి, బాగా విన్న, బల్ల మీద చూసిన భాషను మాత్రమే జంటలకు అప్పగించాలి.

చెరిపివేత అభ్యాసం ఇందుకు అనువైనది. నాలుగైదు మాటల సంభాషణను బల్ల మీద రాసి రెండుసార్లు చదివించాలి. తరువాత ఒక్కో పదం చెరుపుతూ, ఖాళీలను నింపుకొంటూ చదవమనాలి. చివరకు బల్ల ఖాళీ అయ్యేసరికి సంభాషణ పిల్లల నోటికి వస్తుంది. అప్పుడు జంటలుగా, తమ పేర్లు, తమ ఊళ్లు పెట్టి మాట్లాడమనాలి.

1.9 నమూనా పాఠ ప్రణాళిక

అంశం: ప్రయాణం. తరగతి: 6. సమయం: 40 నిమిషాలు. సామగ్రి: నల్లబల్ల, సుద్దముక్క.

• 5 నిమిషాలు: బస్సుకు సంబంధించి పిల్లలకు తెలిసిన ఇంగ్లీషు పదాలను రాబట్టడం.
• 10 నిమిషాలు: బస్సుల పట్టిక మీద తరగతి మొత్తంతో ప్రశ్నలు, సాండ్‌విచ్ పద్ధతిలో.
• 10 నిమిషాలు: అటువంటిదే మరో పట్టిక, నోటు పుస్తకంలో ఎవరికి వారు జవాబులు.
• 10 నిమిషాలు: "వేర్ ఆర్ యూ గోయింగ్?" సంభాషణ చెరిపివేత, తరువాత జంట పని.
• 5 నిమిషాలు: రెండు మూడు సాధారణ తప్పులను, ఎవరి పేరూ చెప్పకుండా, బల్ల మీద సరిచేయడం.

మూల్యాంకనానికి ప్రత్యేక పరికరాలు అక్కరలేదు. రోజుకు ఐదుగురి చొప్పున గమనించి, ఎవరు మాట్లాడారు, ఎవరు మౌనంగా ఉన్నారు అని ఒక నోటు పుస్తకంలో గుర్తు పెట్టుకొంటే ఎనిమిది పనిదినాల్లో తరగతి మొత్తం పూర్తవుతుంది. మౌనంగా ఉండే పిల్లల పేర్లు అప్పుడే బయటపడతాయి.

1.10 పరిమితులు

పైన చెప్పిన పద్ధతులు వనరులకు ప్రత్యామ్నాయం అని భావించరాదు. చదవడానికి కథల పుస్తకాలు, సరిపడ ఉపాధ్యాయులు, వారికి భాషా శిక్షణ తప్పనిసరి. ఉన్నవాటితో నెట్టుకురమ్మని ఉపాధ్యాయులకు చెప్పి, ఇవ్వవలసినవి ఇవ్వకపోవడం న్యాయం కాదు. ఆంగ్ల ఉపాధ్యాయుల శిక్షణ కోసం 1958లోనే హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థ ఏర్పడింది. అదే నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. అదే నగరపు శివారులోని తరగతి గదికి కూడా ఆ జ్ఞానం చేరాలి. అది చేరే వరకు ఈ సంవత్సరం ఆరో తరగతిలో ఉన్న పిల్లలు ఆగలేరు. వారికి ఈ సంవత్సరం మళ్లీ రాదు. అందుకే ఉన్న వనరులను గుర్తించడం, లేని వాటిని అడగడం ఉపాధ్యాయుడు ఒకేసారి చేయవలసిన రెండు పనులు.

1.11 సారాంశం

దేశానికి ఇంగ్లీషు ద్వితీయ భాష అయినా, మొదటి తరం విద్యార్థికి అది విదేశీ భాషతో సమానం. తరగతిలో నిజమైన కొరత పిల్లలు భాషను వాడే సమయానికే. మధ్యలో బడి మారే పిల్లలను దృష్టిలో ఉంచుకొని, ప్రతి నెలా దానికదే ఉపయోగపడే నైపుణ్యం అందించాలి. పిల్లల మాతృభాషలు, పరిసరాల్లోని అచ్చు, ఆలోచన రేకెత్తించే కృత్యాలు, నల్లబల్ల అందుబాటులో ఉన్న వనరులు. వీటిని క్రమంగా వాడితే తక్కువ సామగ్రితోనూ అర్థవంతమైన బోధన సాధ్యమవుతుంది.

1.12 ముఖ్య పదాలు

సరెండర్ విలువ: చదువు మధ్యలో ఆగినా విద్యార్థికి మిగిలే ప్రయోజనం.
సాండ్‌విచ్ పద్ధతి: ఇంగ్లీషు, మాతృభాష, మళ్లీ ఇంగ్లీషు అనే వరుసలో చెప్పడం.
కృత్యం: అర్థం మీద దృష్టి పెట్టి, భాష సాయంతో పరిష్కరించే పని.

1.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. బెంగళూరు ప్రాజెక్టు ప్రధాన సూత్రాలను వివరించి, అవి పెద్ద తరగతులకు ఎంతవరకు వర్తిస్తాయో చర్చించండి.
2. బహుభాషా తరగతిలో పిల్లల మాతృభాషలను వనరులుగా వాడే విధానాన్ని ఉదాహరణలతో రాయండి.

II. 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. మైకేల్ వెస్ట్ చెప్పిన కష్ట పరిస్థితులు ఏవి?
2. జంట పనిపై ప్రభు అభ్యంతరం ఏమిటి? దానికి మీ సమాధానం ఏమిటి?

III. అభ్యాసం
మీ ఇంటి దగ్గర కనిపించే పది ఇంగ్లీషు బోర్డులు లేదా పొట్లాల మీది మాటలు సేకరించి, వాటి ఆధారంగా ఆరో తరగతికి ఒక 40 నిమిషాల పాఠ ప్రణాళిక తయారు చేయండి. అది పూర్తయ్యాక, ఆ పాఠంలో ఒక్కో పిల్లవాడు ఎన్ని నిమిషాలు మాట్లాడతాడో లెక్క కట్టండి.